ఆస్పత్రి వాసన వేసిన సీసా

ముప్పై రెండేళ్లు మందు వాసన చూసి జీతం తీసుకున్నాను. ఈ మాట నలుగురిలో చెప్పడానికి మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. "మీ కోడలు ఏం చేస్తుందండీ?" అని ఎవరైనా అడిగితే "కెమిస్టు" అని అక్కడితో ఆపేసేవారు. జనం మందుల షాపు అనుకుని నన్ను బీపీ మాత్రల గురించి అడిగేవారు. నాకు తోచింది చెప్పేదాన్ని. ఎవరికీ ఏమీ కాలేదనే అనుకుంటున్నాను.

నేను పనిచేసింది మచిలీపట్నంలో ఒక చిన్న ప్రభుత్వ ల్యాబులో. పట్టుబడిన సారా, అనుమానం వచ్చిన బ్రాందీ, విస్కీ సీలు వేసిన సీసాల్లో మా దగ్గరకు వచ్చేవి. లోపలున్నది సీసా మీద రాసిన సరుకేనా, కల్తీదా, తాగితే మనిషి బతుకుతాడా అన్నది తేల్చి కింద సంతకం పెట్టడం నా పని. మొన్నీమధ్య అదే ఉద్యోగంలో చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, నా మీద ఎవరు పిటిషన్ పెట్టారు అన్నవి వదిలేస్తున్నాను. నా జీవితంలో ఎవరికీ పనికిరాని భాగం అదే. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. అది బాగా పనికొస్తుంది.

ముక్కు

చేరిన మొదటి వారంలోనే మా పెద్దసారు భాస్కరరావు గారు నన్ను పిలిచి బల్ల మీద ఆరు గ్లాసులు పెట్టారు. ఒక్కో దాంట్లో అడుగున కాస్తంత ద్రవం.

"శారదా, నువ్వు చదివిన కెమిస్ట్రీ అంతా పై అంతస్తమ్మా. కింది అంతస్తు ముక్కు. ఇవేమిటో చెప్పు" అన్నారు.

మాది మూడు తరాల బడిపంతుళ్ల కుటుంబం. మా ఇంట్లో వెల్లుల్లి దంచాలంటే వీధి తలుపు వేసి దంచేవాళ్లు. సారా ఎలా ఉంటుందో నేనెన్నడూ చూసి ఎరగను. అయినా ఆరు గ్లాసులూ వాసన చూశాను. పేర్లు తెలియవు కాబట్టి, "ఈ రెండూ అక్కాచెల్లెళ్లు, ఇది బెల్లంతో చేసింది, ఇది చెక్కపెట్టెలో చాలాకాలం ఉన్నది, ఇది మాత్రం ఎవరో నిన్ననే చేశారు" అని చెప్పాను. ఆయన అటెండరును కేకేసి "ఈ అమ్మాయికి కాఫీ పట్రా" అన్నారు. మా ల్యాబులో ఆయన ఇచ్చే అతి పెద్ద బిరుదు అదే.

భాస్కరరావు గారు సాయంత్రం రెండు పెగ్గులు తీసుకునేవారు. దాచేవారు కాదు. ఆయన తాగేది ఒకే రకం, ఒక బ్లెండెడ్ స్కాచ్. ల్యాబులో పోల్చి చూడటానికి బీరువాలో ఉంచే నమూనా సీసా కూడా ఆ రకానిదే. అది యాదృచ్ఛికమని నేను చాలాకాలం నమ్మాను.

"స్కాచ్ అంటే ఇదమ్మా. వాసన చూడు. తేనె ఉంది, ఎండుద్రాక్ష ఉంది, చెక్క ఉంది, అడుగున ఎక్కడో కాస్త పొగ ఉంది. ఏదీ విడిగా లేచి నిలబడదు. గుండ్రంగా ఉంటుంది. మంచి విస్కీకి మూలలుండవు" అనేవారు.

బ్లెండ్ అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. అది చాలా కార్ఖానాల సరుకు. మొలకెత్తించిన బార్లీతో, రాగి బట్టీల్లో కాచిన మాల్ట్ విస్కీలు కొన్ని ఉంటాయి. గోధుమో మొక్కజొన్నో వాడి తీసిన తేలికపాటి విస్కీ కొంత ఉంటుంది. బ్లెండర్ అనే ఆయన వీటన్నిటినీ కలిపి, ఏ ఏడు కొన్నా ఒకే రుచి వచ్చేలా చూస్తాడు. సింగిల్ మాల్ట్ అంటే ఒకే కార్ఖానాలో, మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే చేసింది. ఒకే పీపాలోది అనుకుంటారు చాలామంది. కాదు, ఆ కార్ఖానాలో ఉన్న పీపాలు ఎన్నయినా కలుపుకోవచ్చు.

ఇదంతా నాకు పుస్తకంలో వచ్చు. పుస్తకంలో చదివిన సింగిల్ మాల్ట్‌కు వాసన ఉండదు కదా. మా ల్యాబుకు అలాంటి సీసాలు ఎప్పుడో ఒకటి వచ్చేవి. వచ్చినవి కూడా తియ్యగా, పూలవాసనతో, మర్యాదగా ఉండేవి. అది కూడా మా సారు తాగే సరుకు లాంటిదే, కాకపోతే ఖరీదు ఎక్కువ అని నాకు నేనే తీర్మానం చేసేసుకున్నాను. చెరువులు కలిసొచ్చిన ఏడు సింగిల్ మాల్ట్ కొని అందులో కోలా కలుపుకు తాగే రొయ్యల రైతులు నాకు తెలుసు. అది తప్పని నేననను. సీసా వాళ్లది, కోలా వాళ్లది. నా అజ్ఞానం కంటే వాళ్ల కోలా పెద్ద నేరమేం కాదు.

కృత్తివెన్ను నుంచి రెండు సీసాలు

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఎండాకాలంలో, కృత్తివెన్ను నుంచి రెండు సీసాలు వచ్చాయి. రెండూ సగం సగం ఖాళీ.

కథ ఇది. అక్కడొక రొయ్యల రైతు ఇంట్లో నిశ్చితార్థం జరిగింది. ఆయన బావమరిది వెంకటరత్నం, నాగాయలంక మనిషి, సరుకుల ఓడలో వంటమాస్టారు. సెలవు మీద వస్తూ విమానాశ్రయంలో ఒక సింగిల్ మాల్ట్ కొనుక్కొచ్చి బావగారికి కానుకగా ఇచ్చాడు. బావగారు తన వంతుగా గుడివాడలో ఒక బ్లెండెడ్ స్కాచ్ కొన్నాడు. మధ్యాహ్నం భోజనాలకు ముందు పెద్దవాళ్లు నలుగురు కూర్చుని రెండూ మొదలుపెట్టారు. వెంకటరత్నం తెచ్చిన సీసాలోది నోట్లో పోసుకోగానే ఒకాయన, "ఇదేంటయ్యా, ఆస్పత్రి వాసనేస్తంది" అన్నాడట. మొహమాటానికి తాగేశారు. సాయంత్రానికి వాళ్లలో ఇద్దరికి వాంతులు, విరేచనాలు. ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు. కల్తీ మందు అని ఎవరో ఫోన్ చేశారు. అధికారులు వచ్చి రెండు సీసాలూ సీజ్ చేసి, ఆస్పత్రి వాసన సీసా తెచ్చింది ఎవరంటే వెంకటరత్నాన్ని చూపించారు. కొన్న బిల్లు చూపించమంటే అతని దగ్గర లేదు. తీసుకెళ్లారు.

ఆ సీసా మూత తీయగానే నా ముక్కు రెండడుగులు వెనక్కి వేసింది. గాయానికి రాసే అయోడిన్, కాలిన తాడు, ఫినాయిల్ పోసి కడిగిన వరండా. పక్కన బ్లెండెడ్ సీసా మా నమూనాకు కవల పిల్లలా ఉంది. ఇది మాత్రం స్కాచ్ జాతే కాదనిపించింది. ఫినాయిల్‌కు ఆ వాసన తెచ్చే ఫినాల్ ఉందేమో చూసే పరీక్ష చేశాను. రంగు చక్కగా మారింది. భాస్కరరావు గారిని పిలిచి చూపించాను. ఆయన ఒక్కసారి వాసన చూసి మొహం తిప్పేసుకున్నారు.

"ఛీ ఛీ, సీసా కడిగిన మందేదో అందులోనే వదిలేశారు. రాసెయ్యి" అన్నారు.

రాసేశాను. క్రిమిసంహారక పదార్థం లాంటిది కలిసిందని, తాగడానికి పనికిరాదని, ప్రాణానికి హాని అని. పది నిమిషాల పని. నా అక్షరాలు ఎప్పుడూ ముత్యాల్లా ఉంటాయని అందరూ అంటారు. ఆ కాగితం మీద మరీ అందంగా వచ్చాయి.

పిల్లలూ, ఇక్కడ నేను చేసిన తప్పేమిటో గమనించండి. ఫినాల్ ఉందా లేదా అని చూశాను. ఎంత ఉంది అని చూడలేదు. ఉందా అన్నది సగం ప్రశ్న. ఆ సగం ప్రశ్నకు దొరికిన జవాబుతో ఒక మనిషికి బెయిల్ రాకుండా పోయింది.

బియ్యం డబ్బాలో దాచిన సీసా

మూడు వారాల తర్వాత ఒకావిడ ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చినట్టుంది. చంకలో గుడ్డ సంచి. నేను రిక్షా దిగగానే లేచి నిలబడింది.

"శారద మేడమ్ అంటే తమరేనాండీ? నేను నాగమణినండి. వెంకటరత్నం గారి భార్యనండి."

ముద్దాయి తరఫు వాళ్లతో మాట్లాడకూడదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ విననట్టే సంచిలోంచి చీర మడతల్లో చుట్టిన ఒక సీసా తీసింది. అదే సింగిల్ మాల్ట్. సీలు అలాగే ఉంది.

"ఆయన రెండు తెచ్చాడండి. ఒకటి వాళ్ల బావగారికిచ్చాడు. ఇది మా అత్తకి ఆపరేషన్ చేసిన డాక్టరుగారికివ్వాలని బియ్యం డబ్బాలో దాచానండి. దీని మూత ఎవరూ తియ్యలేదు. తమరే తియ్యండి. ఇందులో కూడా ఫినాయిలుంటే మా ఆయన్ని లోపలే ఉంచెయ్యండి."

"ఇది చెల్లదమ్మా. నువ్వు తెచ్చింది శాంపిల్ అవ్వదు."

"చెల్లకపోతే పోనీండి. తమరికి తెలుస్తది గదా."

సీసా చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ ఇంకా చెప్పుకుపోయింది.

"అది అలాగే ఉంటదంటండి. ఆ దీవిలో కట్టెలు దొరకవంట. బురదలో గడ్డీ నాచూ కుళ్లి గట్టిపడితే దాన్ని చెక్కలు చెక్కలుగా కోసి, ఎండబెట్టి, ఆ పొగమీద గింజలు ఆరబెడతారంట. మా ఆయన ఓడాగినప్పుడు చూశాడంట. మన మడ అడవి పక్కన చేపలు కాల్చినట్టు ఉంటది నాగమణీ అన్నాడండి. ఇంకోటండి. మా ఆడపడుచు ఆ రోజు మందు వంకే చూళ్లేదు. ఆవిడకీ వాంతులే. రొయ్యల వేపుడు పొద్దుననగా వండి ఎండలో పెట్టారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదండి."

ఆవిడను బెంచీ మీద కూర్చోమని సీసా పట్టుకుని నేరుగా భాస్కరరావు గారి గదిలోకి వెళ్లాను. ఆయన ఎదురుగానే సీలు తెంచాను. గది నిండా అదే అయోడిన్, అదే కాలిన తాడు.

ఆయన రెండోసారి వాసన చూశారు. ఈసారి మొహం తిప్పుకోలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా పీల్చారు.

"దీని అడుగున తేనె ఉంది శారదా" అన్నారు చివరికి.

పొగలోనూ ఫినాల్ ఉంటుంది. కోర్టు శాంపిల్‌లో మాకు మిగిలిన భాగాన్ని బయటికి తీసి, ఈసారి ఫినాల్ ఎంత ఉందో కొలిచాను. అతి స్వల్పం. ఏ మనిషికీ జలుబు కూడా చెయ్యనంత. కొత్త సీసాలోనూ దాదాపు అంతే. ఊరికే ఉండలేక మా నమూనా బ్లెండెడ్ స్కాచ్ కూడా కొలిచాను. అందులోనూ ఉంది, బాగా పలచగా. పాతికేళ్లపైగా మా సారు "అడుగున ఎక్కడో కాస్త పొగ" అని మురిసిపోయిన పొగ అదే. బ్లెండర్ ఇలాంటి మాల్ట్ ఒకటి చిటికెడు వేసి ఉంటాడు. చిటికెడు వేస్తే గొప్పతనమన్నాం. గ్లాసు నిండా పోస్తే విషమన్నాం.

"రిపోర్టు మార్చాలండి" అన్నాను.

"మార్చకూడదు. ఆవిడ తెచ్చిన సీసా సాక్ష్యం కాదు. ల్యాబు రిపోర్టు ఒకసారి తప్పని మనమే చెబితే, ఇంతవరకూ శిక్ష పడ్డవాళ్లంతా వచ్చి గేటు ముందు నిలబడతారు. నాకు రెండు నెలల్లో రిటైర్మెంట్."

"మనిషి లోపలున్నాడండి."

"కోర్టులో వాళ్ల వకీలు అడుగుతాడు. అప్పుడు చెబుదువుగాని."

"అది ఎప్పటికి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "కొత్త రిపోర్టు నేను ఫార్వర్డ్ చెయ్యను శారదా. నీ ఇష్టం" అన్నారు.

ఆయన్ని దుర్మార్గుడిగా చూపించడం నాకిష్టం లేదు. నాకు వృత్తి నేర్పింది ఆయన. ఆ రోజు కూడా తేనె వాసన ముందు పట్టింది ఆయనే, నేను కాదు. భయపడ్డారంతే. నేను కూడా భయపడ్డాను. కాకపోతే నాగమణి బయట బెంచీ మీద కూర్చుంది. ఇంటికి వెళ్లాలంటే ఆవిడను దాటుకుని వెళ్లాలి.

ఆదివారం, టిఫిన్ తర్వాత

సోమవారం బెయిల్ పిటిషన్ మళ్లీ వస్తుందని తెలిసింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికి నేనే సొంతంగా ఉత్తరం రాసి, మొదటి రిపోర్టు తప్పని, కొలతలు ఇవీ అని ఇచ్చాను. ఆయన చదివి, "కోర్టుకి రండి మేడమ్. జడ్జిగారు అడుగుతారు. వాసన చూసి మీరు ఒకసారి ఇలా అన్నారు, ఇంకోసారి అలా అంటున్నారు. తాగినవాళ్లేమో అది విషంలా ఉందన్నారు. మీరు తాగి చూశారా అంటే ఏం చెబుతారు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. తాగి చూడటం ల్యాబు పద్ధతి కాదు. శాంపిల్ ఇంటికి పట్టుకెళ్లడం అసలే కాదు. మీరెవరూ అలా చెయ్యకండి. నేను చేశాను. నాగమణి అనుమతి అడిగి ఆవిడ సీసాలోంచి చిన్న బుడ్డిలోకి కాస్త పోసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం ఇడ్లీలు తిన్నాక, అత్తగారు పక్కింటికి వెళ్లిన సమయం చూసి, వంటింటి గట్టు మీద రెండు స్టీలు గ్లాసులు పెట్టాను. మా ఆయన సుబ్రహ్మణ్యం గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పేపరు మడిచి వచ్చి నిలబడ్డారు.

"పోల్చి చూడాలంటే బ్లెండెడ్ కూడా ఉండాలి కదండీ. అది తేవడం మర్చిపోయాను" అన్నాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించారు. తర్వాత స్టూలు వేసుకుని, అటక మీద పాత పదో తరగతి లెక్కల గైడ్ల వెనక చెయ్యి పెట్టి ఒక సీసా తీశారు. అది సగానికి పైగా అయిపోయి ఉంది.

"సైన్సు మాస్టారు రిటైరైనప్పుడు ఇచ్చాడు" అన్నారు.

"ఆయన రిటైరై ఏడేళ్లయింది."

"అందుకే సగముంది."

మద్యం వాసన కనిపెట్టడంలో కృష్ణా జిల్లాలోనే పేరున్న ముక్కు నాది. నా ఇంట్లోనే ఏడేళ్లుగా ఈ సంగతి కనిపెట్టలేకపోయింది. ఆ రోజు నా వృత్తి మీద నాకున్న నమ్మకం ఇంకాస్త తగ్గింది.

ముందు బ్లెండెడ్. చెంచాడు. నాలుక మీద మంట, తర్వాత తీపి, తర్వాత ఏమీ జరగనట్టు వెళ్లిపోయింది. మంచి అల్లుడు వచ్చి వెళ్లినట్టుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టదు, ఏమీ అడగదు, మర్నాటికి ఏం మాట్లాడాడో గుర్తుండదు. తర్వాత సింగిల్ మాల్ట్ చెంచాడు. పొగ ముందు ముక్కులోకి పోయి కళ్లలోంచి వచ్చింది. ఉప్పు, మసి, ఆస్పత్రి. దగ్గాను. మా ఆయన వీపు మీద తట్టారు. అంతా అయిపోయిందనుకున్నాక, చాలాసేపటికి, నాలుక వెనక తియ్యగా ఏదో మొదలైంది. పది నిమిషాలు పోలేదు. పాత్రలు తోముకుంటుంటే కూడా ఉంది.

"ఏది మంచిది?" అని మా ఆయన్ని అడిగాను.

"రోజూ అయితే మొదటిది" అన్నారాయన. వెంటనే, "రోజూ అని కాదు, మాటవరసకి" అన్నారు.

నా అభిప్రాయం అడిగితే, సింగిల్ మాల్ట్ గొప్పది, బ్లెండెడ్ తక్కువది అనేవాళ్లు సీసా రేటు చదివి మాట్లాడుతున్నారు. నలభై రకాల సరుకు కలిపి ఏ ఏడూ తేడా రాకుండా చూడటం చిన్న పని కాదు. ఒకే ఊరి మట్టి, పొగ, గాలి దాచకుండా సీసాలో పెట్టడమూ చిన్న పని కాదు. రెండిటినీ ఒకే బద్దతో కొలిచినవాళ్లకు నాకు పట్టిన గతే పడుతుంది.

కోర్టులో

సోమవారం పదకొండు గంటలకు పిలిచారు. వెంకటరత్నాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. సన్నగా, గడ్డం పెరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక బెంచీలో నాగమణి, గోడవారగా మా ఆయన.

"రెండు రిపోర్టులున్నాయి. ఏది నమ్మమంటారు?" అన్నారు జడ్జిగారు.

"రెండోదండి."

"మొదటిది కూడా మీరే రాశారు కదా?"

"అవునండి. తెలియక రాశాను. తెలియదన్న సంగతి కూడా అప్పుడు నాకు తెలియదండి."

"ఈ బ్లెండెడ్, సింగిల్ మాల్ట్ తేడా ఏమిటో నాకర్థమయ్యేలా చెప్పండి."

గ్రాఫులు తీసుకెళ్లాను. అవి సంచిలోనే ఉండిపోయాయి.

"పెళ్లి సాంబారు బ్లెండెడ్ అండి. వెయ్యిమంది తినాలి, ఎవరికీ ఘాటు అనిపించకూడదు. సింగిల్ మాల్ట్ ఒకే ఇంటి ఆవకాయండి. ఆ ఇంట్లో ఇంగువ ఎక్కువ వేసుకునే అలవాటుంటే ఇంగువ ఎక్కువే ఉంటుంది. నేనెప్పుడూ ఆ ఇంట్లో తినలేదు. అందుకని ఇంగువను విషమని రాశానండి."

"రుచి చూశారా?"

"చూశానండి. నిన్న."

వకీళ్లు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు గానీ పెన్ను కింద పెట్టారు.

"మీరొక్కరేనా?"

"మా ఆయన కూడానండి."

మా ఆయన కోర్టు హాలు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

తర్వాత మందు తాగని నాగమణి ఆడపడుచుకు కూడా వాంతులైన సంగతి వెంకటరత్నం వకీలు చెప్పాడు. ఆస్పత్రి కాగితాల్లో ఆవిడ పేరు ఉంది. బెయిల్ ఇచ్చారు. రెండు నెలల తర్వాత కేసే కొట్టేశారు.

మర్నాడు జిల్లా పేపర్లో మూలన "తాగి చూసి మాట మార్చిన మేడమ్" అని చిన్న వార్త వచ్చింది. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "కెమిస్టంటే ఇదా" అన్నారు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి, "ఇంతకీ ఎలా ఉంది?" అని మెల్లగా అడిగారు.

భాస్కరరావు గారు మాత్రం రిటైరయ్యేదాకా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. వీడ్కోలు రోజు దండ వేయించుకుని, అందరిముందూ, "శారద ముక్కు నా ముక్కు కంటే మంచిది. నోరే అదుపులో లేదు" అన్నారు. అది తిట్టో మెప్పో ఆయనకే తెలియాలి. వెళ్లేముందు అటెండరును పిలిచి నాకు కాఫీ తెప్పించి వెళ్లారు.

ఆ తర్వాత ల్యాబు బీరువాలో ఒక సీసా స్థానంలో ఏడు రకాల నమూనా సీసాలు పెట్టించాను. వాటికి అనుమతి తేవడానికి నేను పడిన పాట్లు ఇక్కడ రాయను. మీరూ పడతారు.

నాగాయలంకలో

వెంకటరత్నం లోపల ముప్పై ఎనిమిది రోజులున్నాడు. ఈలోపు అతను ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. కేసు పేరు చెప్పి కంపెనీ వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. పామర్రు సెంటర్లో ఒక భోజన హోటల్లో వంటకు కుదిరాడని, ఆదివారాలు ఇంటికొస్తాడని తెలిసింది. ఓ ఆదివారం నేనూ మా ఆయనా అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ మారి నాగాయలంక వెళ్లాం.

ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. తీరా అరుగు మీద అతను ఎదురుగా కూర్చున్నాక అనుకున్నవేవీ రాలేదు. "తప్పు నాదేనండి. క్షమించమని అడగడానికొచ్చాను" అన్నాను.

అతను మంచినీళ్ల చెంబు నా వైపు జరిపాడు.

"కోర్టుకొచ్చి తప్పని చెప్పారు మేడమ్. ఎవరూ చెప్పరు. అందువల్లే బయటికొచ్చాను. ఆ సంగతి నాకు తెలుసు. కానీ తమరు రాసిన కాగితం వల్లే లోపలికెళ్లాను. అదీ ఇదీ చెల్లుకి చెల్లు అనుకుందామని చాలాసార్లు చూశానండి. అవ్వట్లేదు."

"అవ్వదండి" అన్నాను.

నాగమణి లోపలి నుంచి తొంగి చూసి, "ముందు అన్నాలు తిననివ్వు" అంది.

నేను చేపలు తిననని ఎవరో చెప్పినట్టుంది. వంకాయ కూర, పప్పు, పెరుగు పచ్చడి విడిగా చేశాడు. ఓడల్లో పాతికమందికి వండిన చెయ్యి. అతనే దగ్గరుండి వడ్డించాడు. మా ఆయన రెండుసార్లు కూర వేయించుకున్నారు.  మజ్జిగ పోస్తూ ఆగి, అతను నన్నొక మాట అడిగాడు.

"నా మీద ఆ కాగితం రాసిన రోజు, ఇంటికెళ్లి ఏం తిన్నారు మేడమ్?"

ఎగతాళి చెయ్యట్లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు. గుర్తు లేదని చెప్పొచ్చు. కానీ నాకు గుర్తుంది.

"దొండకాయ వేపుడు, చారు. తిని తొమ్మిదింటికే పడుకున్నాను. బాగా నిద్రపట్టింది" అన్నాను.

అతను తలూపాడు. నా కంచంలో మజ్జిగ నిండా పోసి, పక్కన ఉప్పు పెట్టాడు.